తొమ్మిదేళ్లు వాడిన సిరామిక్ తుంటి: విరిగింది బంతి కాదు, లైనర్

తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ అయిన రెండో ఏడు నుంచి నన్నెవరు అడిగినా ఒకటే చెప్పేవాణ్ణి: "కళ్లు మూసుకుని సిరామిక్ పెట్టించుకోండి." నా మాట విని పెట్టించుకున్నవాళ్లు ఇద్దరున్నారు. ఇద్దరూ బాగానే ఉన్నారు. అయినా ఆ మాటలోంచి "కళ్లు మూసుకుని" అన్న ముక్కను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

నాది ఎడమ తుంటి. రక్తం అందక ఎముక చచ్చుబడే జబ్బు, ఏవీఎన్ అంటారు. అప్పటికి నాకు 43. కొత్త కీలులో బంతి తిరిగే లోపలి పొరను లైనర్ అంటారు. ఆ వయసులో ప్లాస్టిక్ లైనర్ అయితే అరిగిపోతుందేమోనని బంతీ సిరామిక్కే, టైటానియం గిన్నెలో కూర్చునే లైనరూ సిరామిక్కే వేశారు. మొదటి ఆరేళ్లు లోపల ఒక కీలు పెట్టారన్న సంగతే మర్చిపోయాను. మెట్లు, బస్సులు, రోజుకు నాలుగు కిలోమీటర్ల నడక. అంతకుముందు మూడేళ్లు ఒక పక్కకు తిరిగి పడుకోలేకపోయినవాణ్ణి. ఆ ఆరేళ్ల నిద్ర ఈ కీలు ఇచ్చిందే, అది కాదనలేను.

నా బాధంతా ఒక్క విషయం మీద. ఆపరేషన్‌కు ముందు మాట్లాడినంతా బంతి గురించే. డాక్టరుగారు నమూనా బంతి ఒకటి నా చేతిలో పెట్టారు. గులాబీ రంగు, గాజుకన్నా నునుపు. "పగులుతుందా సార్?" అని అడిగితే ఓపిగ్గా వివరించారు. పాత రోజుల్లో ఒట్టి అల్యూమినా వాడేవారు. ఇప్పుడు అందులో జిర్కోనియా రేణువులు కలుపుతారు. సన్నని పగులు మొదలైతే దాని మొనలో ఉన్న రేణువులు రూపం మారి ఉబ్బి, ఆ పగులును నొక్కేస్తాయి. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ లైనర్ గురించి ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

విరిగాక తెలుసుకున్నాను. ఇంగ్లండ్, వేల్స్ ప్రాంతాల జాతీయ కీళ్ల రిజిస్ట్రీ లెక్కలతో 2017లో ఒక పరిశోధన వచ్చింది. కొత్తరకం సిరామిక్ వచ్చాక బంతులు విరగడం బాగా తగ్గి, పదివేలకు ఒకటి లోపుకు వచ్చింది. లైనర్లు మాత్రం పాతరకమైనా కొత్తరకమైనా దాదాపు వెయ్యికి ఒకటి చొప్పున విరుగుతూనే ఉన్నాయి. వెయ్యికి ఒకటంటే చాలా తక్కువే. ఆ ఒకటి మనదైనప్పుడు మాత్రం లెక్క వేరుగా కనిపిస్తుంది.

ఏడో ఏట చప్పుడు మొదలైంది. తలుపు బందులో నూనె ఆరిపోతే వచ్చే కిర్రు లాంటిది, వంగి లేచినప్పుడు మాత్రమే. మొదట విన్నది మా అమ్మాయి. "నాన్నా, నీ కాలు చప్పుడు చేస్తోంది" అంది. ఏడాదికోసారి చూపించుకునే చోట చెప్పాను. "సిరామిక్‌కి కిర్రుమనడం మామూలే, నొప్పి లేకపోతే టెన్షన్ పడకండి" అన్నారు. ఈ మాటా నిజమే. కిర్రుమనే కీళ్లలో చాలావాటికి ఏమీ కాదు. నేనూ ఊరుకున్నాను.

రెండేళ్ల తర్వాత ఒక సాయంత్రం, ఎత్తు తక్కువ కుర్చీలోంచి లేస్తుంటే లోపల "టక్" మంది. ఎండు పుల్ల విరిచినట్టు. పడలేదు, జారలేదు, దెబ్బ తగల్లేదు. నొప్పి కూడా పెద్దగా లేదు. నాలుగడుగులు వేసేసరికి మాత్రం అన్నంలో ఇసుక పంటికింద పడితే ఎలా ఉంటుందో అలా, తుంటి లోపల కరకర. అరచెయ్యి ఆనిస్తే చేతికి తెలిసేది.

ఎక్స్‌రే తీసి "అన్నీ ఉన్నచోటే ఉన్నాయి" అన్నారు. లైనర్ అంచు పగిలితే ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, వెనక ఉన్న లోహపు గిన్నె దాన్ని కప్పేస్తుంది. ఆ చప్పుడు నాకు మామూలుగా అనిపించలేదు. ఇంకోచోటికి వెళ్లి సీటీ తీయించుకున్నాను. లైనర్ అంచున గోరంత ముక్క ఊడిపోయి, చుట్టూ పొడి చెల్లాచెదురుగా ఉంది. ఈ మధ్యలో పోయినవి పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ నేను ఆ పొడి మీదే నడిచాను.

కొత్త డాక్టరు పాత ఎక్స్‌రేలన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. గిన్నె మొదటినుంచీ కాస్త నిటారుగా ఉందట. దానివల్ల నా బరువు లైనర్ మధ్యలో కాక అంచు మీద పడుతూ వచ్చింది, ఆ కిర్రు కూడా అందువల్లే అయ్యుండొచ్చు అన్నారు. "అయ్యుండొచ్చు" అనే అన్నారు, నేనూ అంతకుమించి అనను.

రెండో ఆపరేషన్ గురించి అనుకోనిది ఒకటి చెప్పాలి. ఈసారి సిరామిక్ వద్దు, లోహపు బంతి వేయండి, అది పగలదు కదా అని గట్టిగా అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. ఎంత కడిగినా, ఎంత గీకినా లోపల కంటికి కనపడని సిరామిక్ పొడి కొంత మిగిలే ఉంటుందట. దాని మధ్య కోబాల్ట్-క్రోమ్ అనే లోహపు బంతి తిరిగితే ఎమరీ కాగితం కింద పెట్టినట్టే. అరిగిన కోబాల్ట్ రక్తంలోకి వెళ్తుంది. అలా గుండె కండరం దెబ్బతిన్నవాళ్లు, వినికిడీ చూపూ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారని వైద్య పత్రికల్లో నమోదై ఉంది. ఆ పొడికి గీతపడనంత గట్టిది సిరామిక్ ఒక్కటే. ఏది విరిగి నన్ను ఇక్కడికి తెచ్చిందో అదే మళ్లీ వేయించుకోవాలన్నమాట. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తీసినవాటిని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇచ్చారు. గులాబీ బంతి మీద పెన్సిల్‌తో గీసినట్టు బూడిదరంగు చార. లైనర్ ముక్క ఊడినచోట బంతి వెళ్లి టైటానియం గిన్నెను రాసుకుందట, ఆ లోహం అంటుకున్న మరక అది. కీలు చుట్టూ కండ కూడా నల్లబడిందని, అదంతా తీసేయాల్సి వచ్చిందని చెప్పారు. గీతలు పడ్డ గిన్నెనూ మార్చారు. తొడ ఎముకలో దిగి బంతిని మోసే లోహపు కాడ గట్టిగా ఉందని ఉంచేశారు. అయితే అప్పటికే వాడకంలో ఉన్న కాడకు బంతి తొడిగే మొన మీద గీతలుంటే కొత్త బంతిపై ఒత్తిడి ఒకేచోట పడి అదీ పగలొచ్చు. అందుకే లోపల టైటానియం తొడుగు ఉన్న సిరామిక్ బంతి వేశారు. ఈసారి లైనర్ గురించి గంటసేపు మాట్లాడుకున్నాం. సరిగ్గా కూర్చుందా, గిన్నె ఎంత వంపులో ఉంది, ఆపరేషన్ అయ్యాక ఎక్స్‌రేలో నాకే చూపించారు.

ఇప్పటికి ఏడాదిన్నర. కర్ర లేకుండా నడుస్తున్నాను, కానీ నాలుగు కిలోమీటర్లు కాదు, రెండు. ఎడమకాలు కొంచెం పొట్టి అయింది, చెప్పులో మడమ కింద మెత్త పెట్టుకుంటున్నాను. ఎవరైనా అడిగితే సిరామిక్ వద్దని చెప్పలేను. నలభైల్లో ఉండి, ఇంకా చాలా ఏళ్లు నడవాల్సినవాళ్లకు నేనైతే ఇప్పటికీ అదే ఆలోచించమంటాను. డెబ్బై దాటినవాళ్లకు సిరామిక్ బంతి కింద ఇప్పటి గట్టి ప్లాస్టిక్ లైనర్ చాలేమో, అది వాళ్ల డాక్టరు చెప్పాలి. నాది ఒక్క తుంటి అనుభవం, అదీ గిన్నె సరిగ్గా కుదరని తుంటి. కొత్తగా చప్పుడు మొదలై, దానితోపాటు కరకర కూడా తెలుస్తుంటే మాత్రం ఎక్స్‌రే దగ్గర ఆగకండి, సీటీ అడగండి. ఇంప్లాంట్ స్టిక్కర్లు అతికించిన కాగితం జాగ్రత్తగా దాచుకోండి. రెండో ఆపరేషన్‌లో నా కాడకు ఏ కొలత బంతి పడుతుందో ఆ కాగితం చూసే తేల్చారు.

రోజూ పొద్దున లేచేటప్పుడు ఒక్క క్షణం ఆగి వింటాను. ఇప్పటిదాకా చప్పుడు లేదు.