సినిమాకు వీఎల్‌సీ సరే, కచేరీకి మాత్రం కాదు

ఏ ఫైలు ఇచ్చినా ఆడించే ప్లేయర్‌గా వీఎల్‌సీ అందరికీ తెలుసు. 1996లో పారిస్‌లో ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, 2001లో ఎవరైనా వాడుకుని మార్చుకోగల జీపీఎల్ లైసెన్సుతో బయటికొచ్చింది. డీకోడర్లు (ఫైళ్లను విప్పి ఆడించే భాగాలు) దాని లోపలే ఉంటాయి కాబట్టి విడిగా కోడెక్‌లు వేసుకోనక్కర్లేదు. ప్రకటనల్లేవు, డబ్బు కట్టనక్కర్లేదు. ఇంత మంచి సాఫ్ట్‌వేర్‌ని చాలామంది ఆడించడానికీ ఆపడానికీ మాత్రమే వాడుతుంటారు. పరభాషా సినిమాలు ఇష్టంగా చూసేవాళ్లకు అసలు పనికొచ్చేది సబ్‌టైటిల్స్ దగ్గర, సౌండ్ దగ్గర ఉంది. ఇక్కడ చెప్పేది విండోస్, లినక్స్‌లలో నడిచే 3.0 వెర్షన్ గురించి. మ్యాక్‌లో కొన్ని మీటలు వేరు.

ముందు సబ్‌టైటిల్స్. మనిషి మాట్లాడేశాక అక్షరాలు వస్తుంటే జీ నొక్కాలి, ముందే వచ్చేస్తుంటే హెచ్. ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు జరుగుతుంది. తేడా నాలుగైదు సెకన్లుంటే ఇలా నొక్కుతూ కూర్చోవడం దండగ. ఒక డైలాగు చెవిన పడగానే షిఫ్ట్ + హెచ్, అదే డైలాగు తెరమీద కనబడగానే షిఫ్ట్ + జే, ఆ తర్వాత షిఫ్ట్ + కే నొక్కితే లెక్క అదే కట్టుకుని సరిచేసుకుంటుంది. పేరో ఊరో వినిపించే డైలాగును ఎంచుకుంటే భాష రాకపోయినా పట్టుకోవచ్చు.

మొదట్లో సరిగ్గా ఉండి, పోనుపోను తప్పిపోతుంటే అది వేరే జబ్బు. సినిమా సెకనుకు 23.976 ఫ్రేములతో ఉండి, సబ్‌టైటిల్స్ 25 ఫ్రేముల కాపీకి తయారైనవయితే గంట గడిచేసరికి రెండున్నర నిమిషాల తేడా పడుతుంది. దీనికి జీ, హెచ్ ఎంత నొక్కినా లాభం లేదు. టూల్స్ మెనూలో ట్రాక్ సింక్రొనైజేషన్ తెరిచి సబ్‌టైటిల్ వేగం మార్చాలి. ఆ రెండు ఫ్రేము రేట్ల నిష్పత్తి 0.959, తిరగేస్తే 1.043. ఈ రెంటిలో ఒకటి పెట్టి, సినిమా చివరికి వెళ్లి ఏదో ఒక డైలాగు దగ్గర చూస్తే సరిపోయిందో లేదో తేలిపోతుంది. అన్నిటికన్నా మంచిది, తమ కాపీకే చేసిన ఫైలు వెతుక్కోవడం.

తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనబడితే ఫాంట్ లోపం. పిచ్చి గుర్తులు కనబడితే ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్లో రాసే పద్ధతి) లోపం. ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్స్ విభాగానికి వెళ్లి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8గా, ఫాంట్ తెలుగు ఉన్నదిగా (విండోస్‌లో నిర్మలా యూఐ చాలు) మార్చాలి.

ఇక సౌండ్. గుసగుసలు వినబడవు, ఫైటు రాగానే ఇల్లు దద్దరిల్లుతుంది. 5.1 (ఆరు చానెళ్ల సౌండ్)లో మాటలు ఎక్కువగా మధ్య చానెల్‌లో ఉంటాయి. దాన్ని రెండు స్పీకర్లలోకి కలిపినప్పుడు నేపథ్య సంగీతం మాటల మీద పడుతుంది. వాల్యూమ్‌ను 125 శాతానికి తోస్తే శబ్దం పగలడం తప్ప ఒరిగేదేమీ లేదు. కంట్రోల్ + ఈ నొక్కి, ఆడియోలో పెద్ద శబ్దాలను అణిచే కంప్రెసర్ ఆన్ చేయాలి. మొదటి ప్రయత్నానికి థ్రెషోల్డ్ (అణచడం మొదలయ్యే స్థాయి) -20 డెసిబెల్స్, రేషియో (ఎంత అణచాలి) 4, అటాక్ (ఎంత త్వరగా అందుకోవాలి) 50 మిల్లీసెకన్లు, రిలీజ్ (ఎంతసేపటికి వదలాలి) 300, మేకప్ గెయిన్ (ఆపైన మొత్తం శబ్దం పెంపు) 8 నుంచి 10 దాకా. రిలీజ్ మరీ తగ్గిస్తే ప్రతి డైలాగు ఆగగానే వెనకున్న వాన చప్పుడో ఫ్యాన్ చప్పుడో గుప్పున పైకి లేస్తుంది, వినడం చికాకు. పాటలొచ్చినప్పుడు కంప్రెసర్ తీసేయడమే న్యాయం, లేకపోతే డోలు దెబ్బ చప్పబడిపోతుంది.

పాటలు నేర్చుకునేవాళ్లకు ఇందులో ఓ చక్కని సదుపాయం ఉంది. వ్యూ మెనూలో అడ్వాన్స్‌డ్ కంట్రోల్స్ పెట్టుకుంటే ఏ-బీ మీట వస్తుంది. పాటలో సంగతి (ఒక పంక్తిని కొంచెం మార్చి పాడే తీరు) మొదలయ్యే చోట ఒకసారి, ముగిసే చోట ఒకసారి నొక్కితే ఆ ముక్కే తిరుగుతుంటుంది. వేగం 0.75కి తగ్గించినా శ్రుతి మారదు. గమకం ఏ స్వరం మీంచి ఏ స్వరానికి జారిందో విడివిడిగా చెవికి అందుతుంది. 0.5 కన్నా దించితే గొంతు ముక్కలుముక్కలవుతుంది, అక్కడ ఆగడం మంచిది.

కానీ ఆల్బమ్ మొత్తం వినడానికి వీఎల్‌సీని సిఫార్సు చేయలేం. 3.0లో గ్యాప్‌లెస్ (ట్రాకుల మధ్య ఖాళీ లేకుండా ఆడించడం) లేదు. రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా విడగొట్టిన కచేరీ రికార్డింగు పెట్టి చూడండి. రాగం ముగిసి తానం అందుకునే చోట తంబురా ఒక్క క్షణం తెగి మళ్లీ మొదలవుతుంది. శ్రుతి పట్టుకుని కూర్చున్న చెవికి ఆ తెగుడు ముల్లులా తగులుతుంది. ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ఈ బాధ లేదు. పాటలకు దాన్నే పెట్టుకోండి.

హెచ్‌ఈవీసీ (వీడియోను బాగా కుదించే పద్ధతి) ఫైళ్లలో ఆకుపచ్చ మరకలు పడితే ఫైలు పాడైందని వెంటనే తీసేయొద్దు. ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్/కోడెక్స్‌కి వెళ్లి హార్డ్‌వేర్ డీకోడింగ్ (గ్రాఫిక్స్ చిప్‌తో వీడియో విప్పడం) ఆపి మళ్లీ ఆడించండి. చాలాసార్లు మరకలు పోతాయి, బదులుగా ప్రాసెసర్ మీద బరువు పెరుగుతుంది. దుకాణంలో కొన్న బ్లూరే డిస్కులు మాత్రం తాళం వేసి ఉంటాయి కాబట్టి నేరుగా తెరుచుకోవు. డౌన్‌లోడ్ వీఎల్‌సీ తయారుచేసే వీడియోలాన్ సంస్థ సొంత సైటు నుంచే చేసుకోండి. ఇదే బొమ్మతో ప్రకటనలు తగిలించిన నకళ్లు తిరుగుతున్నాయి.