పెద్ద టైర్లు వేసిన పాత పికప్ కొనేవాళ్లు జాగ్రత్త

పత్తి, మిర్చి సీజన్ దగ్గర పడుతుందంటే వరంగల్, పరకాల, నర్సంపేట దిక్కు సెకండ్‌హ్యాండ్ పికప్‌ల బేరాలు జోరందుకుంటాయి. అందులో ఒక రకం బండి దగ్గర చాలామంది మోసపోతున్నారు. కొత్త పెయింటు, వెనక కమాన్లకు (బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులకు) అదనపు పట్టీలు, కంపెనీ సైజు కన్నా పెద్ద టైర్లు. అమ్మేవాళ్ల మాట ఒక్కటే: "పెద్ద టైర్లన్నా, రెండు టన్నులేసినా గుంజుతది." నమ్మకండి. పెద్ద టైరుతో మోసే బరువు పెరగదు, గుంజే బలం మాత్రం తప్పకుండా తగ్గుతుంది.

డోర్ దగ్గరి స్టిక్కర్ మీద 195/80 ఆర్ 15 అని ఉందనుకోండి. ఆ టైరు ఎత్తు సుమారు 693 మిల్లీమీటర్లు. దాని బదులు జీపు రకం బండ్లకు వచ్చే 235/75 ఆర్ 15 వేస్తే ఎత్తు 733 దాటుతుంది, అంటే దాదాపు 6 శాతం ఎక్కువ. ఇంజనూ, గేర్లూ, వెనక యాక్సిల్లో చక్రాలను తిప్పే పళ్ల జత క్రౌన్ పినియనూ పాతవే కాబట్టి అదే గేర్లో చక్రం దగ్గర గుంజే బలం ఆ మేరకు పడిపోతుంది. లోడుతో కలిపి మూడు టన్నులున్న బండి మీద ఇంకో నాలుగు మిర్చి బస్తాలు ఎక్కించినంత భారం ఇంజన్ మీద పడ్డట్టే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయే సమతలం రోడ్డు మీద ఇది తెలియదు. గోదాం ర్యాంపు మీదికి లోడుతో రివర్స్ ఎక్కించినప్పుడో, నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కినప్పుడో బయటపడుతుంది. డ్రైవరు సగం క్లచ్ మీద ఆపుతాడు, ప్లేటు మాడిన వాసన వస్తుంది. చాలాకాలం నడవాల్సిన క్లచ్ ప్లేటు ఒక్క సీజన్‌కే పోతుంది.

వెనక కాంక్రీట్ మిల్లరో, జనరేటర్ ట్రాలీయో తగిలించేవాళ్లకు ఇంకో చిక్కు. టైర్లు, పట్టీలు కలిసి వెనక భాగాన్ని లేపితే కొక్కెం కూడా లేస్తుంది. ట్రాలీ ముక్కు పైకి తిరిగి బరువు వెనక్కి జరుగుతుంది, స్పీడ్ అందుకోగానే ట్రాలీ అటూ ఇటూ ఊగుతుంది.

ఇక లోడు సంగతి. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీరు వేయగలిగే సరుకు. టైరు మారిస్తే ఆ అంకె మారదు. లారీలకైనా అంతే: 2018లో కేంద్రం నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్‌కు పరిమితిని 11.5 టన్నులకు పెంచినప్పుడు చూసింది యాక్సిల్‌నూ, టైర్ల సంఖ్యనే, వాటి ఎత్తును కాదు. పైగా బరువైన టైర్లూ, రిమ్ములూ, పట్టీలూ ఖాళీ బరువును పెంచుతాయి. బేరం కుదరకముందే బండిని కాంటా ఎక్కించండి. ఆర్‌సీలోని ఖాళీ బరువు కన్నా ఎంత ఎక్కువ వస్తే మీ సరుకు అంత తగ్గినట్టు.

టైరు పక్కగోడను తప్పకుండా చదవండి. సైజు పక్కన ఉండే అంకె ఒక్కో టైరు మోసే బరువు: 100 అంటే 800 కిలోలు, 105 అంటే 925, 110 అంటే 1,060. 106/104 అని రెండు అంకెలుంటే మొదటిది సింగిల్‌గా వేసినప్పటిది, రెండోది జంటగా వేసినప్పటిది. జీపు టైరు చూడ్డానికి వెడల్పుగా ఉన్నా లోడ్ బండి టైరు కన్నా తక్కువ గాలి పట్టేలా తయారైంది. గరిష్ఠం 44 పీఎస్‌ఐ అని రాసి ఉన్న టైరులో 60 కొట్టించి లోడు వేసే బండ్లున్నాయి. ఎండాకాలం మధ్యాహ్నం రోడ్డు మీద అది పగలడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు.

అన్నిటికన్నా భయపడాల్సింది బ్రేకుల విషయంలో. టైరు పెద్దదైతే అదే పెడల్‌కు ఆపే బలం తగ్గుతుంది. చాలా పికప్‌లకు వెనక యాక్సిల్ దగ్గర చిన్న రాడ్ తగిలించిన వాల్వు ఉంటుంది. లోడుతో బండి కిందికి దిగితే రాడ్ కదిలి వెనక బ్రేకులకు ఎక్కువ ప్రెషర్ పోతుంది. అదనపు పట్టీలు వేస్తే బండి దిగదు, వాల్వు బండి ఖాళీగా ఉందన్నట్టే పనిచేస్తుంది. రెండు టన్నుల సరుకుకు ఖాళీ బండి బ్రేకు! కిందికి వంగి ఆ రాడ్‌ను చూడండి. విప్పేసో, తీగతో కట్టేసో ఉంటే ఆ బండి మీకొద్దు.

దొంగ లెక్క పట్టుకోవడానికి స్టెప్నీ చాలు. నాలుగు టైర్లు మార్చినవాళ్లు స్టెప్నీని పాత సైజులోనే వదిలేస్తుంటారు. పంక్చరైనప్పుడు ఆ చిన్న టైరును వెనక ఒక పక్కన వేస్తే రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగాలి, ఆ తేడాను సర్దే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, ఎడతెగకుండా పనిచేసి వేడెక్కుతుంది. తర్వాత ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని మీటర్ మీద 60కి తీసుకెళ్లండి. కంపెనీ నుంచి వచ్చిన మీటర్ అసలు వేగాన్ని తక్కువ చేసి చూపదు. ఫోన్ 63, 64 చూపిస్తే టైరు పెద్దదే, తిరిగిన కిలోమీటర్లు కూడా మీటర్లో తక్కువ పడ్డట్టే: 80,000 అని ఉంటే ఈ సైజుకు అసలు 84,600 దాకా ఉండొచ్చు. స్టీరింగ్ పూర్తిగా రెండు పక్కలా తిప్పి, మడ్‌గార్డ్ లోపల రాసుకున్న నల్లటి గీతలున్నాయేమో చెయ్యిపెట్టి చూడండి.

బండి నచ్చితే స్టిక్కర్ మీది సైజు టైర్లు ఐదింటి ధర, అదనపు పట్టీలు తీయించే ఖర్చు బేరంలోనే కోసుకోండి. ఇప్పటికే కొనేసినవాళ్లు మాత్రం ముందు పట్టీలు తీయించి, ఆ బ్రేక్ వాల్వు రాడ్‌ను సరిచేయించాకే లోడు వేయండి.