బీచ్ రోడ్డా, ఇంట్లో ట్రైనరా: విశాఖ చలికాలానికి ఏది మేలు?

కార్తీకం వెళ్లి మార్గశిరం రాగానే విశాఖ సైక్లిస్టులు అడిగే ప్రశ్న ఒకటుంది. "అరకు ఘాట్‌కి తయారవ్వాలి, ట్రైనర్ కొనమంటారా? మనకేమైనా మంచు పడుతుందా ఏంటి?" ట్రైనర్ అంటే సైకిల్‌ను బిగించి, ఉన్నచోటే తొక్కే యంత్రం. మంచు పడే దేశాల్లో చలికి తాళలేక ఇంట్లోకి వస్తారు. మనకు ఆ లెక్క తిరగబడుతుంది. మే నెలలో ఇక్కడ గదిలో ట్రైనర్ తొక్కడం అయ్యే పని కాదు. డిసెంబరు, జనవరుల్లో తెల్లవారుజామున 18 డిగ్రీల దగ్గరకు దిగుతుంది. నాలుగు గోడల మధ్య గంటసేపు గట్టిగా తొక్కడానికి వీలయ్యే రోజులు ఏడాదిలో ఇవే. ధనుర్మాసంలో ఎలాగూ గుడి మైకు లేపుతుంది కాబట్టి నిద్ర లేవడం సమస్యే కాదు.

రెంటిలో ఏది మేలో తేల్చేది సైకిలూ కాదు, యాప్ కూడా కాదు. గాలి. మనిషి ఖర్చు చేసే శక్తిలో పెడల్‌కి చేరేది సుమారు నాలుగో వంతే, మిగిలిందంతా వేడి. పెడల్ మీద 200 వాట్లు పెడితే 600 వాట్లకు పైగా వేడి ఒంట్లోంచి బయటికి పోవాలి. రోడ్డు మీద గంటకు 28 కిలోమీటర్ల వేగంలో తగిలే గాలే ఆ పని చేసేస్తుంది. గదిలో గాలి కదలదు, దానికి తోడు సముద్రపు తేమ. చెమట ఆరకుండా కారిపోతుంది, కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు. అదే వాట్ల దగ్గర గుండె వేగం మాత్రం నిమిషనిమిషానికీ పైకి పాకుతుంది. "ట్రైనర్ మీద నా వల్ల కావట్లేదు" అనేవాళ్లలో చాలామందికి అలసిపోయేది కాళ్లు కాదు.

సీలింగ్ ఫ్యాన్ గాలి వీపుకి తగులుతుంది గానీ వంగి తొక్కేవాళ్ల ఛాతీకి అందదు. 400 మిల్లీమీటర్ల పెడెస్టల్ ఫ్యాన్ ఒకటి హ్యాండిల్‌బార్‌కి మీటరు దూరంలో, ఛాతీకి ఎదురుగా పెట్టండి. ఇంకోటి ఉంటే పక్క నుంచి. ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంచాలి. ఏసీ తేమ తగ్గిస్తుంది గానీ దాని గాలి విసురు చాలదు, ఫ్యాన్ తప్పదు. చాలిందో లేదో తెలుసుకోవడానికి తొక్కే ముందూ తర్వాతా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకూ ఇంచుమించు లీటరు చెమట, మధ్యలో తాగిన నీళ్లు దానికి కలపాలి. 70 కిలోల మనిషి గంటలో లీటరున్నర కార్చాడంటే ముందు చూసుకోవాల్సింది ఫ్యానే.

ఇక రోడ్డు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా అంత అందమైన దారి దొరికితే గదిలో ఎందుకు కూర్చోవాలి? శిక్షణ కోసం. 20 నిమిషాలు ఆగకుండా ఒకే ఒత్తిడితో తొక్కాలంటే నగరంలో కుదరదు. సిగ్నళ్లు, కుక్కలు, తీరం పొడవునా నడకకు వచ్చేవాళ్లు, రుషికొండ దగ్గర దిగుడులో పెడల్ ఆపేయడం. జనవరిలో సూర్యోదయం ఆరున్నరకు దగ్గరవుతుంది కాబట్టి ఆఫీసుకు వెళ్లేవాళ్లు చీకట్లోనే తొక్కాలి. పైగా కైలాసగిరికీ యారాడ కొండకూ మధ్య గిన్నెలా ఉన్న నగరంలో చలికాలపు తెల్లవారుజామున గాలి పైకి లేవదు, పొగా ధూళీ కిందే ఉండిపోతాయి. గాజువాక, మల్కాపురం వైపు వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

అయితే ట్రైనర్ నేర్పనివీ ఉన్నాయి. అనంతగిరి మలుపుల్లో దిగేటప్పుడు బ్రేకు ఎక్కడ వదలాలో, గుంపులో ముందు చక్రానికి ఎంత దూరం పాటించాలో గదిలో రావు. అందుకే మంగళ, గురువారాలు ఇంట్లో, ఆదివారం రోడ్డు మీద అన్నది నా సలహా. ఇంట్లో ఎఫ్‌టీపీలో (గంటసేపు నిలబెట్టగలిగే గరిష్ఠ వాట్లు, సుమారుగా) 90 శాతం దగ్గర రెండు సార్లు 20 నిమిషాలు, మధ్యలో 5 నిమిషాల విరామం. ఘాట్ కోసమైతే నిమిషానికి 60-65 తిప్పుళ్లతో 12 నిమిషాల చొప్పున మూడు. బయట తేల్చిన ఎఫ్‌టీపీ అంకెను ఇంట్లో అలాగే వాడకండి. చాలామందికి లోపల అంత రాదు, విడిగా పరీక్ష పెట్టుకోవడం మేలు.

ఏ ట్రైనర్? డైరెక్ట్ డ్రైవ్‌లో వెనక చక్రం తీసేసి చెయిన్‌ను ట్రైనర్ క్యాసెట్‌కే (పళ్లచక్రాల గుత్తి) వేస్తారు. చప్పుడు తక్కువ, వాట్ల లెక్క 1 నుంచి 2.5 శాతం తేడాలో ఉంటుంది. 11 స్పీడ్ ఫ్రీహబ్ (క్యాసెట్ ఎక్కే ఇరుసు భాగం) మీద 8, 9 స్పీడ్ క్యాసెట్ వేస్తే లోపల 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టాలి, లేకపోతే లాక్‌రింగ్ ఎంత బిగించినా క్యాసెట్ ఆడుతుంది. కొనేముందు ఇంకోటి చూడండి. మన దగ్గర తిరిగే 21 గేర్ల సైకిళ్లలో చాలావాటికి వెనక ఉండేది క్యాసెట్ కాదు, మర తిప్పి బిగించే ఫ్రీవీల్. అది ట్రైనర్ మీదకు ఎక్కదు. అలాంటి సైకిల్‌కి, చక్రం తీయకుండా వెనక టైరును రోలర్‌కి ఆనించే వీల్ ఆన్ ట్రైనరే దారి, ధర కూడా బాగా తక్కువ. గళ్ల టైరు తీసేసి నున్నని టైరు వేయండి, లేదంటే కింది ఫ్లోర్ వాళ్లు పైకి వస్తారు. ప్రతిసారీ ఒకే పీఎస్ఐ గాలి, రోలర్ టైరుకి తాకాక నాబ్ రెండు చుట్లు బిగించాలి. పది నిమిషాలు తొక్కి టైరు వేడెక్కాకే స్పిన్‌డౌన్ (ట్రైనర్ వాట్ల లెక్కను సరిచేసుకునే పరీక్ష) చేయాలి. చల్లటి టైరుతో చేస్తే వాట్లు తప్పు చూపిస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు దీనికే. మిగిలిన డబ్బులో మంచి ఫ్యాన్ వస్తుంది.

స్మార్ట్ ట్రైనర్ల ఎర్గ్ మోడ్‌లో, అంటే పెట్టిన వాట్లను యంత్రమే నిలబెట్టే పద్ధతిలో, తిప్పుళ్లు తగ్గితే యంత్రం పెడల్ బరువు పెంచుతుంది, దాంతో ఇంకా తగ్గుతాయి, చివరికి పెడల్ బిగుసుకుపోతుంది. ఇంటర్వెల్ మొదలవడానికి ఐదు సెకన్ల ముందే నిమిషానికి 90 తిప్పుళ్లకు తెచ్చుకుంటే ఈ బాధ ఉండదు.

ఇంట్లో అందరూ తొక్కుతారనుకుంటే స్పిన్ బైక్ (కదలని వ్యాయామ సైకిల్) సరే, అయస్కాంతంతో పెడల్ బరువు పెంచే రకం తీసుకోండి. రోలర్లు (సైకిల్‌ను బిగించకుండా దొర్లే గొట్టాల మీద తొక్కేవి) సరదాగా ఉంటాయి, వెడల్పాటి గది ఉంటేనే.

చెమట ఉప్పుకి సముద్రపు గాలి తోడైతే సైకిల్ తినేస్తుంది. టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పై గొట్టం) మీద తువ్వాలు కప్పండి. దిగగానే తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో స్టెమ్ బోల్టులు, హెడ్‌సెట్, బ్రేకు లివర్లు తుడవాలి. సంక్రాంతి దాటాక ఒకసారి హ్యాండిల్‌బార్ టేప్ విప్పి చూడండి. అల్యూమినియం బార్ మీద తెల్లటి పొడి కనిపించి, దాని కింద గుంతలు పడి ఉంటే ఆ బార్‌తో ఘాట్ దిగకండి, మార్చేయండి.