కొత్త కారని పుట్టీ పెట్టిన కారు అంటగట్టారు, ఫ్రీ మ్యాట్లకు సంతకం పెట్టింది మాత్రం నేనే

షోరూమ్ పేరు రాయడం లేదు. కేసు వేసేదాకా ఎక్కడా పేరెత్తొద్దని లాయర్ గట్టిగా చెప్పాడు. హైదరాబాద్‌లో ఈ మధ్య కారు కోసం తిరిగినవాళ్లకు ఎవరి గురించో ఈపాటికే అర్థమై ఉంటుంది. బుకింగ్ రోజు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టి 'మనింటి బండి అనుకో అన్నా' అంటారే, వాళ్లే.

వెనక కథ రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఆరు వారాల వెయిటింగ్, బ్యాంకు లోను, గ్రే కలర్, ఆన్‌రోడ్ పద్నాలుగున్నర లక్షలు. అందులో లైఫ్ టాక్సే రెండు లక్షల పైన. శుక్రవారం పొద్దున పదిన్నరకు ముహూర్తం, అక్కణ్నుంచి నేరుగా జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడిలో పూజ. యార్డుకెళ్లి బండి ముందే చూసుకుంటానని రెండుసార్లు అడిగాను. 'యార్డు మేడ్చల్ దాటాక ఎక్కడో ఉంది, ఈ ట్రాఫిక్‌లో ఎందుకన్నా, నేనున్నా కదా' అన్నాడు సేల్స్ కుర్రాడు. సరేలే అనుకున్నాను. ఎర్రగడ్డ రైతుబజార్లో పావుకిలో బెండకాయలకు ఒక్కోదాని కొన విరిచి చూసే మనిషిని నేను.

శుక్రవారం వెళ్లేసరికి కారు మీద ఎర్ర శాటిన్ గుడ్డ, చక్రాల కింద నిమ్మకాయలు, ఫొటో కోసం అట్టతో చేసిన మూరెడు తాళంచెవి. మామయ్యగారు, అత్తయ్యగారు, బావమరిది, పిల్లలు, అందరం ఉన్నాం. గుడ్డ లాగారు, చప్పట్లు కొట్టారు. మా చిన్నవాడు ఎడమవైపు వెనక డోరు తెరిచి రబ్బరు మీద వేలు రాస్తూ 'నాన్నా, ఇక్కడ గరుగ్గా ఉంది' అన్నాడు.

వంగి చూశాను. డోరు చుట్టూ ఉండే నల్ల రబ్బరు మీద ఆవగింజ కంటే సన్నగా బూడిదరంగు చుక్కలు. గోటితో గీకితే లేచొచ్చాయి. ఫ్యాక్టరీలో బాడీకి పెయింట్ వేసి, అది ఆరాకే రబ్బర్లు బిగిస్తారు. రబ్బరు మీద పెయింట్ పడిందంటే, రబ్బరు ఉండగానే ఎవరో స్ప్రే కొట్టారన్నమాట. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా మోసపోయానన్నదే ఇప్పుడు నిద్ర పట్టనివ్వడం లేదు.

కుర్రాణ్ని పిలిచి చూపించాను. వాడు నవ్వుతూనే మేనేజర్ని పిలుచుకొచ్చాడు. మేనేజర్ వంగి కూడా చూడలేదు. చూడక్కర్లేదు, ఆయనకు ముందే తెలుసు. 'ఓ అదా సార్, ట్రెయిలర్ మీంచి దించేటప్పుడు చిన్న గీత పడింది. టచప్ చేయించాం. మీరు చూసుండకపోతే మేమే చెప్పేవాళ్లం' అన్నాడు. ఈ చివరి వాక్యం మళ్లీ చదవండి. నేను చూడకపోతే చెప్పేవాడట!

వేరే బండి ఇవ్వమన్నాను. రిజిస్ట్రేషన్‌కు పేపర్లు వెళ్లిపోయాయన్నాడు, ఇన్సూరెన్స్ నా పేరు మీద దిగిపోయిందన్నాడు, మార్చాలంటే ఇంకో నెలన్నర, అప్పుడు రేటు ఎంతుంటుందో చెప్పలేనన్నాడు. బండి చూపించకముందే పేపర్లన్నీ నా పేరున ఎందుకు పూర్తి చేశారో అప్పుడు అర్థమైంది. ఇటు మామయ్యగారు వాచీ చూసుకుంటున్నారు. 'చిన్న గీతే అంటున్నారుగా బాబూ, ముహూర్తం దాటిపోతోంది' అన్నారు. పెద్దాయన్ని అనడానికి లేదు, ఆయనకేం తెలుసు? మా ఆవిడ మాత్రం 'వద్దనిపిస్తే వద్దనండి, ఆటోలో వెళ్దాం' అంది. ఆ మాట వినాల్సింది.

పది నిమిషాల్లో తేల్చేశాను. పద్నాలుగున్నర లక్షల సంగతి, పది నిమిషాలు. 'మీ బాధ నాకర్థమైంది సార్' అంటూ మేనేజర్ త్రీడీ మ్యాట్లు, మడ్ ఫ్లాప్స్, సీట్ కవర్లు ఫ్రీ అన్నాడు. పద్దెనిమిది వేల సరుకట. ఏవో నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టించారు. స్వీట్ బాక్స్ ఇచ్చారు. పైగా నేనే థాంక్స్ చెప్పి వచ్చాను!

ఆదివారం మధ్యాహ్నం ఎండలో అపార్ట్‌మెంట్ బయట పెట్టి చూస్తే వెనక డోరు ఒక గ్రే, ముందు డోరు ఇంకో గ్రే. షోరూమ్ లైట్ల కింద ఇది కనపడదు. మూసాపేటలో డెంటింగ్, పెయింటింగ్ చేసే తెలిసినాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దగ్గర పెయింట్ మందం చూసే మీటరుంది, పెన్ను డబ్బా అంత ఉంటుంది. కంపెనీ పెయింట్ మామూలుగా 150 మైక్రాన్ల లోపే ఉంటుంది. బానెట్ మీద పెడితే 112, ముందు డోరు 118. వెనక డోరు మీద ఒకచోట 390, ఒకచోట 460. దాని పక్కన, చక్రం పైనుండే బాడీ రేకు మీద 310. 'గిది టచప్ గాదు సార్, లోపల పుట్టీ ఉంది. గట్టిగనే తగిలింది' అన్నాడు. డోరు బిగించే బోల్టుల తలల మీద పెయింట్ చిట్లి ఉంది, అంటే ఊడదీసి పెట్టారు. డోరంటే పోనీ, మార్చుకోవచ్చు. చక్రం పైనుండే రేకు బాడీలో భాగం, వెల్డింగ్ చేసి ఉంటుంది. అక్కడ తగిలిందంటే గీత అనరు, గుద్దుడు అంటారు.

సోమవారం తెరిచే టైముకే షోరూమ్‌లో ఉన్నాను. అరవకూడదని దారి పొడుగునా అనుకుంటూ వెళ్లాను. రీడింగులున్న ఫొటోలు టేబుల్ మీద పెట్టి, ఈ బండికి ఏం రిపేరు చేశారో జాబ్ కార్డు చూపించమన్నాను. మేనేజర్ ఫొటోలు పక్కకు జరిపాడు. సొరుగులోంచి ఫైలు తీసి, ఒక కాగితం నా వైపు తిప్పి, పెన్ను మూతతో ఒక లైను మీద కొట్టి చూపించాడు. ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఉంది. సారాంశం ఏంటంటే, బండికి జరిగిన రిపేరు గురించి కస్టమర్‌కు వివరించాం, ఆయన తృప్తిపడి, అందుకు బదులుగా యాక్సెసరీలు తీసుకుని డెలివరీకి ఒప్పుకున్నారు. కింద నా సంతకం. తేదీ కూడా నా చేత్తోనే వేశాను.

'తెలిసే తీసుకున్నారు కదా సార్. మ్యాట్లు కూడా తీసుకున్నారు' అన్నాడు. గొంతు పెంచలేదు. పాల ప్యాకెట్ లీకైందని వచ్చినవాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు. ఆరు వారాలు అన్నా అన్నా అని తిరిగిన కుర్రాడు పక్క టేబుల్ దగ్గర ఇంకో కుటుంబానికి బిస్కెట్లు పెడుతున్నాడు. నా వైపు ఒక్కసారి చూశాడు, అంతే.

రిపేరు చేశారని కాదు నా కోపం. ఫ్యాక్టరీ నుంచి యార్డుకు, యార్డు నుంచి షోరూముకు వచ్చేలోగా బండికి తగలొచ్చు. ఇదిగో ఇంత తగిలింది, ఇది చేశాం, ఇదిగో బిల్లు, ధరలో ఇంత తగ్గిస్తాం, ఇష్టమైతే తీసుకో అని ఉంటే ఆలోచించేవాణ్ని. డోరు ఒక్కటే అయితే తీసుకునేవాణ్నేమో కూడా. బాడీకి తగిలిందంటే మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. రేపు అమ్మబోతే కొనేవాడు మొట్టమొదట పెట్టేది ఆ మీటరే. అప్పుడు కొత్తలోనే ఇలా ఉందండీ అంటే నమ్మేదెవరు?

కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఒక కేసు నంబరిచ్చి, డీలర్‌తో మాట్లాడుకోమన్నారు. లాయర్ కూడా కంపెనీ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్నాడు. డీలర్ చేసిన పనికి, ఆ సంగతి కంపెనీకీ తెలుసని రుజువైతే తప్ప తయారీ కంపెనీని పట్టుకోలేమని 2021లో సుప్రీంకోర్టే చెప్పిందట. కాబట్టి డీలర్ మీదే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను. కొన్నది యాభై లక్షల లోపైతే అక్కడే వేయాలి, రెండేళ్ల గడువుంటుంది, నా రేటుకు ఫీజు నాలుగొందలే. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను.

అన్నట్టు, కొనబోయేవాళ్లు ఒక పని చేయండి. మిగతా డబ్బు కట్టకముందే, పేపర్లు మీ పేరున వెళ్లకముందే యార్డులో పగటి వెలుతురులో బండి చూడండి. అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే ఛాసిస్ నంబరు ఫొటో తీసుకోండి, డెలివరీ రోజు అదే బండో కాదో సరిపోల్చండి. వీలైతే ఆ మీటరున్న మనిషిని వెంట తీసుకెళ్లండి. ప్లాస్టిక్ బంపర్ల మీద అది పనిచేయదు, వాటిని కళ్లతోనే చూడాలి. రిపేరు అని తెలిస్తే ఏం చేశారో రాసివ్వమనండి, ఇవ్వకపోతే ముహూర్తం మార్చుకోండి. పంతులుగారికి ఫోన్ చేస్తే వారంలో ఇంకోటి దొరుకుతుంది. ఫ్రీ అన్నది ఏదీ తీసుకోకండి.

మ్యాట్లు ఇంకా డిక్కీలోనే ఉన్నాయి, కవర్ కూడా విప్పలేదు. తిరిగిచ్చేద్దామని మంగళవారం పట్టుకెళ్తే, వాపసు తీసుకునే పద్ధతి లేదన్నారు.