బేబెల్ వాడి చూశాక: ఎడమ పక్క రెండు గుర్తులు, కుడి పక్క చాంతాడంత లైను

అందరూ ఈఎస్‌బిల్డ్, ఎస్‌డబ్ల్యూసీ లాంటి కొత్త టూల్స్ అంటుంటే ఇప్పుడు జావాస్క్రిప్ట్ కోడ్‌ని మార్చిపెట్టే బేబెల్ మీద రివ్యూ ఏంటి అనుకోకండి, మా పాత ప్రాజెక్ట్ బండి ఇంకా దీని మీదే నడుస్తోంది. 2014లో సెబాస్టియన్ మెకెంజీ అనే ఆస్ట్రేలియా కుర్రాడు సిక్స్‌టుఫైవ్ అని మొదలుపెట్టాడు, 2015లో బేబెల్ అయింది. మనం రాసిన కొత్త జావాస్క్రిప్ట్‌ని చదివి, చెట్టులా విడగొట్టి, కొమ్మలు మార్చి, మళ్ళీ పాత బ్రౌజర్లకి కూడా అర్థమయ్యే పాత జావాస్క్రిప్ట్‌గా రాసిచ్చేస్తుంది, అంతే దీని పని.

నాకు బాగా నచ్చింది వాళ్ళ సైట్‌లో ట్రై చేసే పేజీ. ఎడమ పక్క యూజర్ తర్వాత ప్రశ్నార్థకం, చుక్క పెట్టి అడ్రస్ అని (యూజర్ ఉంటేనే అడ్రస్ ఇవ్వు అని అర్థం) కొట్టండి, కుడి పక్క "యూజర్ నల్లా? లేదా వాయిడ్ జీరోనా? ఐతే వాయిడ్ జీరో, కాకపోతే యూజర్ అడ్రస్" అని పెద్ద లైను దిగుతుంది (నల్ అంటే ఖాళీ, వాయిడ్ జీరో అంటే అన్‌డిఫైన్డ్, అసలు విలువే లేదని). అన్‌డిఫైన్డ్ అని రాయొచ్చుగా అంటే, ఆ పేరుతో ఎవడైనా ఫంక్షన్ లోపల వేరియబుల్ పెట్టుకోవచ్చు, వాయిడ్ జీరోని మాత్రం ఎవడూ మార్చలేడు. మూడుసార్లు తిరిగే లూప్‌లో సెట్‌టైమౌట్ (కాసేపాగి నడిపించేది) పెట్టి ఐని ప్రింట్ చేస్తే, వార్‌తో పెట్టిన ఐకి 3 3 3, లెట్‌తో పెట్టిన ఐకి 0 1 2 అని అమీర్‌పేట కోచింగ్‌లో బట్టీ పట్టిన బ్యాచ్ నేను, ఇక్కడ లెట్ తీసేసి లూప్ లోపలిదంతా అండర్‌స్కోర్ లూప్ అనే ఫంక్షన్‌లో పెట్టి ప్రతి తిప్పుకీ ఐ విలువ చేతికిస్తుంటే అప్పుడు వెలిగింది. అసింక్ అవెయిట్ (ఒక పని అయ్యేదాకా ఆగి ముందుకెళ్ళే కోడ్) ఐతే చూడకండి బాబోయ్, నాలుగు లైన్లకి వైల్ లోపల స్విచ్ కేసులు పెట్టి పేద్ద కథ రాస్తుంది.

ఇక నేను తిన్న దెబ్బ. ఒక క్లయింట్ దగ్గర అన్నీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 సిస్టమ్సే, బాణం గుర్తుతో రాసే కొత్త ఆరో ఫంక్షన్లన్నీ బేబెల్ తీసేసింది కదా అని ధీమాగా పంపిస్తే తెల్ల పేజీ, కన్సోల్ తెరిస్తే ప్రామిస్ (తర్వాత రాబోయే ఫలితాన్ని పట్టుకునే జావాస్క్రిప్ట్ వస్తువు) అన్‌డిఫైన్డ్ అట. తప్పు నాదే, బేబెల్ మార్చేది రాసే పద్ధతిని మాత్రమే, ప్రామిస్ లాంటి సరుకు బ్రౌజర్‌లో లేకపోతే కోర్‌జేఎస్ అనే లైబ్రరీ నుంచి మనమే తెచ్చి పెట్టాలి. డాక్స్‌లో ఉంది, చదవలేదు.

బేబెల్ 7లో ప్రీసెట్ ఎన్వ్ అనే సెట్టింగుల కట్టకి టార్గెట్, అంటే ఏ బ్రౌజర్ల కోసమో చెప్పకపోతే అన్నిటికన్నా పాత బ్రౌజర్ అనుకుని మొత్తం ఈఎస్5 అనే పాత జావాస్క్రిప్ట్ వెర్షన్‌కి దించేస్తుంది, ఫైల్ ఊరికే లావెక్కుతుంది, టార్గెట్ చెప్పే ఆ ఒక్క లైను మర్చిపోకండి. స్పీడ్ సంగతి తెలిసిందే, ఇది జావాస్క్రిప్ట్‌లో రాసింది, గో, రస్ట్ భాషలతో రాసిన ఈఎస్‌బిల్డ్, ఎస్‌డబ్ల్యూసీలతో పరిగెత్తలేదు. కానీ ఈఎస్‌బిల్డ్ ఈఎస్5 దాకా పూర్తిగా దిగదు, పైగా సొంత ప్లగిన్ రాసుకోవాలంటే బేబెల్‌లో మనకొచ్చిన భాషలోనే ఓ సాయంత్రంలో అయిపోతుంది.

నా మార్కులు 5కి 4. కొత్త ప్రాజెక్ట్‌కి ఐతే నేను పెట్టను, ఉన్నదాన్ని మాత్రం తీయను.