పాత పికప్‌కు పాత ఇంజనా, కొత్త ఇంజనా: ఏది మేలు?

మా తాత మహీంద్రా ఎఫ్‌సీ-150 పికప్‌కు ముందు బానెట్ ఉండదు. ఇంజన్ డ్రైవర్ సీటుకూ పక్క సీటుకూ నడుమ, రేకు మూత కింద ఉంటుంది. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్‌కు తెల్లారుజామున బస్తాలు వేసుకుని బయల్దేరేటప్పుడు తాత తన క్యారియర్ ఆ మూత మీద పెట్టుకునేవాడు. మధ్యాహ్నం విప్పితే అన్నం ఇంకా వేడిగా ఉండేది. చిన్నప్పుడు నేను ఆ మూత పక్కనే కూర్చుని, మోకాలు కాలకుండా గోనెసంచి అడ్డం పెట్టుకునేవాణ్ణి.

తాత పోయాక బండి షెడ్డులో నిలబడిపోయింది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలనుకున్నప్పుడు అడిగినవాళ్లంతా ఒకే మాట చెప్పారు. "ఆ పెట్రోల్ ఇంజన్ పీకేసి మంచి డీజిల్ ఇంజన్ పెట్టించు, నిశ్చింతగా ఉంటావు." సరిగ్గా ఆ రోజుల్లోనే ఆత్మకూరులో మా బావ తన పాత మహీంద్రా జీపు పికప్‌కు ఇంజన్ మార్చాడు. కావలిలో స్నేహితుడొకడు ఏకంగా కంప్యూటర్‌తో నడిచే కామన్ రైల్ ఇంజన్‌కే వెళ్లాడు. మూడు బండ్లూ నేను నడిపాను. రెండింటి కింద దూరి పని కూడా చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: బండిలో అన్నిటికంటే బలహీనమైన భాగం ఏదో చూసుకుని, అది మోయగలిగిన ఇంజన్‌నే ఎంచుకోవాలి. ముందు ఇంజన్ కొనేసి తర్వాత బండిని దానికి సరిపెట్టబోతే ఖర్చుకు అంతుండదు.

ఇంజన్ సంగతికి ముందు ఛాసిస్. సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో, కావలి నుంచి కొత్తపట్నం దాకా, ఉప్పుగాలి ఇనుమును లోపలి నుంచి తినేస్తుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. చిన్న సుత్తి తీసుకుని, కమాన్‌పట్టీలు బిగించే చోట, క్యాబిన్ వెనుక అడ్డపట్టీ దగ్గర వరసగా కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట మాట మారిపోతుంది, తడిసిన అట్ట మీద కొట్టినట్టు ఉంటుంది. మా బండికి అలాంటివి రెండు చోట్లు దొరికాయి. లప్పం పెట్టి రంగు వేస్తే ఎవరికీ తెలియదని ఒకాయన సలహా ఇచ్చాడు. ఆ సలహా వినకండి. కోసి, కొత్త ప్లేటు వేసి వెల్డింగ్ చేయించాకే ఇంజన్ గురించి మాట్లాడుకోవాలి.

రెండోది ఆర్‌సీ. ఇది చాలామంది చివర్లో చూస్తారు, అక్కడే దెబ్బతింటారు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని దాని సారం. 2019 జనవరిలో, కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే కంపెనీ, అదే రకం ఇంజన్ అయితే మాత్రం, ఆర్టీవో అనుమతితో మార్చి, 14 రోజుల్లోపు ఆ ఆఫీసులో తెలిపి ఆర్‌సీలో ఎక్కించుకునే వీలుంది. మన వైపు చాలా జీపులు 1980, 90లలోనే పెట్రోల్ నుంచి డీజిల్‌కు మారి, ఆ సంగతి ఆర్‌సీలో రాయించుకున్నాయి. మా బావ బండి అలాంటిదే. మా తాత బండి ఆర్‌సీలో మాత్రం ఇంధనం గడిలో పెట్రోల్ అనే ఉంది. ఈ ఒక్క మాటతో మా ఇద్దరి దారులూ వేరైపోయాయి. ఆర్‌సీలో ఒక ఇంజన్ నంబరు, బండిలో ఇంకో నంబరు ఉంటే మామూలు రోజుల్లో ఎవరూ అడగకపోవచ్చు. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది అదే. పాత ఇనుము కొట్టులో ఇంజన్ చౌకగా దొరికిందని కొనేముందు దాని బిల్లు, ఏ బండి నుంచి తీశారో ఆ కాగితం అడిగి తీసుకోండి.

ఇక పాత ఇంజన్. విల్లీస్ జీపుల బిగింపుతో 1940ల చివర్లో బండ్ల తయారీలోకి వచ్చిన మహీంద్రా, 1965లో ఎఫ్‌సీ-150ని ఇక్కడ తెచ్చింది. అందులోది 2.2 లీటర్ల హరికేన్ పెట్రోల్ ఇంజన్. ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 79 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 111. స్ట్రోకు అంత పొడుగు కాబట్టి తక్కువ చుట్లలోనే లాగుతుంది. సుమారు 75 గుర్రాల శక్తి అని చెప్పుకున్నా దాని అసలు బలం నిమిషానికి 2,000 చుట్ల దగ్గరే. నిండు లోడుతో మెత్తటి చేను గట్టు ఎక్కేటప్పుడు, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నా, ఆగకుండా మెల్లగా పైకి వెళ్లిపోతుంది.

నెల్లూరు ఆటోనగర్‌లో దాన్ని విప్పించాం. బోరు చేయించి, క్రాంక్ గ్రైండింగ్, వాల్వు సీట్లు, కొత్త రింగులు, బేరింగులు అన్నీ వేయించాం. విడిభాగాలకు తిరగాల్సి వచ్చింది కానీ దొరక్కుండా పోలేదు, ఎందుకంటే ఇదే ఇంజన్‌తో పాత జీపులు మన దేశంలో చాలా ఏళ్లు తయారయ్యాయి. అసలు ఇబ్బంది ఇప్పటి పెట్రోల్‌తో వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పాత రబ్బరుకు పడదు. బండి తిరగడం మొదలైన రెండో నెలలో కార్బ్యురేటర్ గిన్నె విప్పితే అడుగున నల్లటి నలుసులు కనిపించాయి. వేలితో రాస్తే సిరాలా అంటుకున్నాయి. అది పెట్రోల్ పైపు లోపలి పొర. పంపు డయాఫ్రం కూడా ఉబ్బిపోయింది. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు, డయాఫ్రం వేయించి, ట్యాంకు లోపల తుప్పు కడిగించాక ఆ బాధ పోయింది. బండి నిలబెట్టేటప్పుడు ట్యాంకు సగం ఖాళీగా వదలకండి, ఇథనాల్ తేమను లాక్కుంటుంది. మైలేజీ మా లెక్కలో లీటరుకు 7, 8 కిలోమీటర్లు. రోజూ సరుకు తోలేవాడికి ఇది గిట్టదు, ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

పాత ఇంజన్ ఉంచుకుంటే వింటేజ్ గుర్తింపు వస్తుందా అని కొందరు అడుగుతారు. 2021 జులైలో కేంద్రం నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉన్న సొంత బండ్లకు వీఏ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది. కానీ ఆ బండిని రోజువారీ పనికి, వ్యాపారానికి వాడకూడదు. మా తాత బండి సరుకు బండి కింద ఉంది, ఏటా ఫిట్‌నెస్ చూపించాలి, కాబట్టి ఆ దారి మాకు కుదరలేదు. సొంత జీపు ఉన్నవాళ్లు మాత్రం ఇంజన్ పీకేముందు ఒక్కసారి ఆలోచించాలి. ఒకసారి వేరే ఇంజన్ పెట్టారంటే ఆ గుర్తింపు వదులుకున్నట్టే.

రెండో దారి, బావ వెళ్లిన దారి: అదే మహీంద్రా డీజిల్, కంప్యూటర్ లేనిది. అతని బండిలో ముందు 2,112 సీసీ ప్యూజో ఇంజన్ ఉండేది. హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా చలికాలం పొద్దున ఆగాలి. దాని చోట 2,523 సీసీ డీఐ పెట్టించాడు. నాజిల్ నేరుగా సిలిండర్‌లోకే డీజిల్ కొడుతుంది కాబట్టి తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది, తక్కువ చుట్లలో లాగుడు బాగుంటుంది, డీజిల్ తక్కువ తాగుతుంది. పంపు, నాజిళ్లు చూసేవాళ్లు ఆత్మకూరులోనే ఉన్నారు. దారిలో ఆగినా స్పానర్లతో కదిలించుకోవచ్చు. చప్పుడు, అదురు ఎక్కువే. దానికి బావ అలవాటు పడ్డాడు, మా అక్క ఇంకా పడలేదు.

కానీ ఒక సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. పాత జీపు హౌసింగ్‌లో, అంటే చక్రాల ఇరుసు మధ్య గేర్లుండే డబ్బాలో, క్రౌన్ అనే పెద్ద గేరుకు 43 పళ్లు, దాన్ని తిప్పే పినియన్‌కు 8. అంటే చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్ట్ 5.38 సార్లు తిరగాలి. డీఐ ఇంజన్ 3,200 చుట్ల దాకానే. లెక్క వేస్తే బండి గంటకు సుమారు 82 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, అదీ ఇంజన్ గొంతు చించుకుంటుంటే. 16వ నంబరు జాతీయ రహదారి మీద వెనుక లారీల హారన్లతో టెన్షనే. 39, 8 పళ్ల సెట్టు వేస్తే 90 దాకా వస్తుంది, 60లో ఇంజన్ హాయిగా ఉంటుంది. ఫోర్ వీల్ అయితే ముందూ వెనుకా రెండూ మార్చాలి, లేకపోతే గేర్లు ఒకదాన్నొకటి నలుపుకుంటాయి.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. బావ మొదట ఇంజన్ ఎక్కించిన షాపులో పాత గేర్‌బాక్స్‌కు కొత్త ఇంజన్ కలపడానికి అడాప్టర్ ప్లేటు గ్యాస్‌తో కోసి, కంటికి సరిగా కనిపించేలా బిగించేశారు. నాలుగు నెలల్లో గేరు జారడం మొదలైంది. క్లచ్ షాఫ్ట్ కొన దగ్గర బేరింగ్ పొడి అయిపోయింది. విప్పి లేత్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఫ్లైవీల్‌కు డయల్ గేజి బిగించి, దాని మొన బెల్ హౌసింగ్ రంధ్రం అంచుకు ఆనించి, క్రాంక్‌ను చేత్తో మెల్లగా తిప్పాడు. ముల్లు ఇటూ అటూ ఊగుతూ 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) చూపించింది. "అయిదు దాటకూడదు అబ్బయా" అన్నాడు. "ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే గీత మీద లేవు. ఇట్టా ఉంటే ఏ బేరింగైనా ఎన్నాళ్లు ఆగుద్ది?" ప్లేటును లేత్ మీద కొత్తగా తీయించి, డోవెల్ పిన్నులు వేయించాక ఇప్పటిదాకా మళ్లీ విప్పే పని పడలేదు. ఇంజన్ ఎక్కించేవాళ్లను మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న డయల్ గేజి ఉందా అని. లేదంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

కావలి స్నేహితుడిది మూడో దారి. 2010లో వచ్చిన మొదటి మహీంద్రా థార్‌లోని సీఆర్‌డీఈ అనే కామన్ రైల్ డీజిల్ ఇంజన్: 2,498 సీసీ, 105 గుర్రాల శక్తి, 247 న్యూటన్ మీటర్ల టార్క్. నడిపితే ముచ్చటేస్తుంది, కాదనను. కారులా మెత్తగా, చప్పుడు లేకుండా దూసుకెళ్తుంది. అయితే హరికేన్ టార్క్ 155 దరిదాపుల్లోనే. ఆ బలం కోసం చేసిన పాత మూడు గేర్ల బాక్సు దీన్ని మోయలేదు. గేర్‌బాక్స్ మార్చారు. అది పొడుగు కాబట్టి జాయింట్ షాఫ్ట్ కోయించారు. వేగం పెరిగింది కాబట్టి నాలుగు డ్రమ్ము బ్రేకులు చాలలేదు, ముందు డిస్కులు వచ్చాయి. దాంతో ముందు హౌసింగే మారింది. టర్బో గాలిని చల్లబరచే ఇంటర్‌కూలర్‌కు చోటు కోసం ముందు గ్రిల్ కోశారు. కౌపీన సంరక్షణార్థం అన్నట్టే అయింది. చివరికి పాత బండిలో మిగిలింది క్యాబిన్, నంబరు ప్లేటు.

వైరింగ్ ఇంకో కథ. ఈసీయూకు, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు, తన తాళం, తన పెడల్, తన సెన్సర్లు అన్నీ కావాలి. ఏ బండి నుంచి ఇంజన్ తీశారో దాని వైరింగ్ మొత్తం తెంపకుండా తెచ్చుకుంటేనే పని అవుతుంది. అతను ఇంజన్ ఒకచోట, వైరింగ్ ఒకచోట కొన్నాడు. వాన కురిసిన ప్రతిసారీ ఏదో ఒక లైటు వెలుగుతుంది, బండి శక్తి తగ్గించేసుకుంటుంది. లాప్‌టాప్ పెట్టి చూసేవాడి కోసం నెల్లూరు రావాలి.

మా ఎఫ్‌సీ లాంటి బండికైతే ఈ దారి అసలే వద్దంటాను. ఇంజన్ క్యాబిన్‌లోనే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు టర్బో వేడి తోడైతే లోపల మనిషి కూర్చోలేడు. పైగా ఆ బండికి బరువంతా ముందుకే. ఖాళీగా ఉన్నప్పుడు గట్టిగా బ్రేకు తొక్కితే వెనుక చక్రాలు తేలికైపోతాయి. ముందు ఇంకా బరువు పెట్టి, వేగమూ పెంచితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఎలక్ట్రిక్ కిట్ గురించి రెండు ముక్కలు. ఆ మోడల్‌కు ఆమోదం ఉన్న కిట్ దొరికితేనే ఆర్‌సీలో ఎక్కుతుంది. మా ఎఫ్‌సీకి అలాంటిది నాకు కనపడలేదు, అందుకని దాని జోలికి పోలేదు.

అసలు ఇంజన్ బతికి ఉండి, నెలలో నాలుగైదు సార్లు తిరిగే బండైతే దాన్నే బాగుచేయించండి, నేను చేసింది అదే. రోజూ లోడు తోలాల్సి ఉండి, ఆర్‌సీలో డీజిల్ అని ఉంటే బావ దారి మేలు. ఏ దారైనా సరే, బ్రేకుకు ఒకే పైపు లైను ఉన్న పాత మాస్టర్ సిలిండర్ తీసేసి, ముందుకూ వెనక్కూ వేరు వేరు లైన్లుండే టాండెం సిలిండర్ వేయించండి. పాతదాంట్లో ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు.

మొన్న సంక్రాంతికి బావ కొడుకు వచ్చి, "మామయ్యా, మా బండికి కూడా సీఆర్‌డీఈ పెట్టిద్దాం, ఇంజన్ చూసొచ్చాను" అన్నాడు. సరే, ముందు బ్రేకుల పని చేయించుకుని రా, అప్పుడు మాట్లాడదాం అన్నాను. మాస్టర్ సిలిండర్, ముందు డిస్కులు, నాలుగు కొత్త హోసులు వేయించి వచ్చాడు. ఆ పాత డీఐతోనే పొదలకూరు దాకా నడిపి చూశాడు. సాయంత్రం ఫోన్ చేసి, ఇంజన్‌కు ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి తెచ్చుకోవడానికి పోతున్నానన్నాడు.