ఎస్‌టీసీ-1000 కంట్రోలర్: బెజవాడ ఎండల్లో లాగర్‌కి పనికొస్తుందా?

పనికొస్తుంది, పాత ఫ్రిజ్ ఒకటి తోడుంటే. ఇది ఫ్రిజ్‌ని ఆన్-ఆఫ్ చేస్తూ ఉష్ణోగ్రతని అదుపులో ఉంచే చిన్న పరికరం; లాగర్ అంటే చల్లగా పులియబెట్టే బీరు. మేలో 40 దాటే ఊళ్లో లాగర్ ఈస్ట్‌కి 10–12 డిగ్రీలు ఇంకెలా ఇస్తాం? ఎఫ్1లో (కావలసిన ఉష్ణోగ్రత) 11, ఎఫ్2లో (ఎంత తేడా వస్తే ఫ్రిజ్ ఆన్ కావాలో) 0.5, ఎఫ్3లో (కంప్రెసర్ మళ్లీ ఆన్ అయ్యేముందు ఆగే సమయం) 5 నిమిషాలు పెట్టండి. కరెంటు పోయొచ్చినప్పుడు కంప్రెసర్‌ని కాపాడేది ఆ ఎఫ్3యే. ఫ్రిజ్ సొంత థర్మోస్టాట్‌ని మాత్రం పూర్తి చల్లదనానికి తిప్పేయాలి.

సెన్సర్‌ని గాలిలో వేలాడదీయొద్దు. బీరు పులిసే బకెట్ పక్కకి టేపు వేసి, పైన థర్మోకోల్ ముక్క అదమండి. లేకపోతే అది కొలిచేది ఫ్రిజ్ గాలిని; పులుస్తున్న వోర్ట్ (బీరు కాబోయే మాల్ట్ రసం) అంతకంటే వేడిగానే ఉంటుంది, బీరుకి పండు వాసన పట్టేస్తుంది.

ముప్పాతిక పులిశాక 16కి పెంచి మూడు రోజులుంచితే వెన్న వాసన పోతుంది. ఆపైన 1–2 డిగ్రీల్లో నాలుగు వారాలు.

చిరాకల్లా కంట్రోలర్ వెనకున్న స్క్రూ టెర్మినళ్లే. తెరిచే ఉంటాయి, అందులో 230 వోల్టులు! ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, ఫ్రిజ్‌కి ఎర్త్ తీగ కలిపాకే స్విచ్ వేయండి.